కొత్త పద్ధతి ప్రయత్నిద్దామంటే కార్యవర్గం వెనకాడుతోంది: చిన్న సేవాసంస్థలో ప్రయోగాలకు చోటెలా కల్పించాలి?

ప్రశ్న: అరండల్‌పేట సమన్వయకర్త

అందరికీ నమస్కారం. గుంటూరులోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను కార్యక్రమాల సమన్వయకర్తగా పనిచేస్తున్నాను. మిర్చి యార్డులోనూ శీతల గిడ్డంగుల్లోనూ కూలికి వెళ్లే కుటుంబాలు నివసించే కాలనీల్లో మా సంస్థ చాలా ఏళ్లుగా సాయంత్రపు బడులు నడుపుతోంది. పిల్లలు బడి వదిలాక మా కేంద్రాలకు వచ్చి హోంవర్కు పూర్తిచేసుకుంటారు, మా టీచర్లు తరగతుల వారీగా వారికి సాయపడతారు. పని నిజాయితీగా జరుగుతోంది, తల్లిదండ్రులకు మా మీద నమ్మకం కూడా ఉంది. అయితే ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి వాచకాన్ని కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లలు ప్రతి కేంద్రంలోనూ ఉన్నారు. వారు పక్కవారి నోట్సు చూసి రాసుకుని వెళ్లిపోతున్నారు, హోంవర్కు పూర్తయినట్టు మా రిజిస్టరులో నమోదవుతోంది.

మా యువ టీచర్లు రెండు ప్రతిపాదనలు తెచ్చారు. ఒకటి, రోజూ ఒక గంటపాటు తరగతులను పక్కనపెట్టి, ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చో చూసి ఆ స్థాయి ప్రకారం పిల్లలను కూర్చోబెట్టాలని. రెండోది, మిర్చి కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి వలస వచ్చి పొలాల దగ్గర గుడారాల్లో ఉండే కుటుంబాల పిల్లల కోసం అక్కడికే వెళ్లి పాఠం చెప్పాలని. కార్యవర్గ సమావేశంలో రెండూ నిలిచిపోయాయి. దాతలు ఇచ్చిన డబ్బు ఇప్పుడు నడుస్తున్న పనికే గనుక మరోదానికి వాడకూడదని ఒకరు, కొత్తది విఫలమైతే వచ్చే ఏడాది విరాళాలు ఆగిపోతాయని మరొకరు అభ్యంతరం చెప్పారు. ఈ పెద్దలు తమ సొంత డబ్బు పెట్టి సంస్థను నిలబెట్టినవారు, వారి భయాన్ని నేను తేలికగా తీసిపారేయలేను. కానీ మొదటి ప్రతిపాదన తెచ్చిన టీచరు ఆ రోజు నుంచి సమావేశాల్లో నోరు విప్పడం లేదు, ఆమె మౌనం నన్ను చాలా బాధిస్తోంది. ఇలాంటి ప్రయత్నాలకు డబ్బు ఎక్కడి నుంచి తీయవచ్చు? దాతలకు ఏమని చెప్పాలి? ప్రయత్నం పనిచేసిందో లేదో ఎలా తేల్చుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: గవర్నర్‌పేట ఆడిటర్

విజయవాడలో కొన్ని సేవాసంస్థల లెక్కలు చూస్తుంటాను కాబట్టి డబ్బు సంగతే ముందు రాస్తాను. కార్యవర్గం కుదరదని అన్నప్పుడు ఆ మాట వెనక చాలాసార్లు లెక్కల భయం ఉంటుంది, ఆ భయంలో సగం నిజం, సగం అపోహ.

నిజమేమిటంటే, ఒక నిర్దిష్టమైన పనికని షరతుతో వచ్చిన నిధిని మరో పనికి మళ్లించకూడదు. అది ఎంత మంచి పని అయినా సరే, దాత రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ డబ్బును ముట్టుకోవద్దు. అపోహ ఏమిటంటే, సంస్థకు వచ్చే డబ్బంతా అలాంటిదేనని అనుకోవడం. సభ్యత్వ రుసుములు, పుట్టినరోజులకూ పెద్దల వర్ధంతులకూ స్థానికులు ఇచ్చే చిన్న విరాళాలు, బ్యాంకు వడ్డీ వంటివాటికి సాధారణంగా ఏ షరతూ ఉండదు. వీటిని విడిగా చూపించకుండా అన్నిటినీ ఒకే పద్దులో కలిపేయడం వల్ల కార్యవర్గానికి తన చేతిలో ఎంత స్వేచ్ఛ ఉందో కనిపించదు. ముందు మీ కోశాధికారి గారితో కూర్చుని షరతులు ఉన్న నిధినీ లేని నిధినీ వేరుచేసి ఒక కాగితం మీద పెట్టించండి.

ఆదాయపు పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆ ఏడాది తన ఆశయాలకు వినియోగించాలి, మిగిలిన 15 శాతాన్ని ప్రత్యేక కారణం చూపకుండానే నిల్వ ఉంచుకోవచ్చు. చాలా సంస్థలు ఈ 15 శాతాన్ని ఆపత్కాల నిధిగానే చూస్తాయి, అది తప్పు కాదు. కానీ షరతులు లేని ఆ నిల్వలోంచి ఒక చిన్న భాగాన్ని కొత్త ప్రయత్నాల కోసమని కార్యవర్గ తీర్మానంతో విడదీసి, దానికి ఖాతా పుస్తకంలో వేరే శీర్షిక తెరిస్తే, ఆ డబ్బు సంస్థ ఆశయాల పరిధిలోనే ఖర్చవుతున్నంతవరకు నాబోటివాడు అభ్యంతరపెట్టేది ఏమీ ఉండదు. మీ నియమావళిలో విద్య ఒక ఆశయంగా ఉంటే, పిల్లలను స్థాయిల వారీగా కూర్చోబెట్టడానికి నియమావళి సవరణ అవసరం లేదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సవరణ కావలసి వచ్చేది ఆశయాలు మారినప్పుడు. బోధన పద్ధతి మారడం ఆ కిందికి రాదు.

విదేశీ విరాళాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం జాగ్రత్త. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ డబ్బులోంచి పెట్టగల పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధమైంది. ఒకప్పుడు పెద్ద సంస్థలు తమకు వచ్చిన నిధిలో కొంత చిన్న సంస్థలకు ఇచ్చి కొత్త పనులు చేయించేవి. చిన్న ఊళ్లలో కొత్తదనానికి ఆ దారే ముఖ్యమైన ఆధారంగా ఉండేది, అది మూసుకుపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం. అందుకే ఇప్పుడు మన ఊరి దాతల షరతులు లేని రూపాయికి మునుపటికన్నా విలువ పెరిగింది.

సమాధానం: సింగ్‌నగర్ కార్యకర్త

ఆడిటర్ గారు డబ్బు గురించి చెప్పారు, నేను పని గురించి రాస్తాను. మీ టీచర్లు ప్రతిపాదించిన మొదటి పద్ధతి నిజానికి కొత్తది కాదు, ఆ మాట మీ కార్యవర్గానికి చెబితే వారి భయం సగం తగ్గుతుంది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇరవై ఏళ్లకు పైగా ఈ పద్ధతి మీదే పనిచేస్తోంది. 2001 నుంచి 2003 వరకు ముంబయి, వడోదర నగరాల్లో స్థానిక యువతులను బాలసఖి పేరుతో నియమించి, వెనకబడిన పిల్లలకు రోజూ రెండు గంటలపాటు ప్రాథమిక చదువు విడిగా చెప్పించారు. ఆ పని ఫలితాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితర ఆర్థికవేత్తలు శాస్త్రీయంగా కొలిచారు, పిల్లలు మెరుగుపడ్డారని తేలింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే నేనిక్కడ ప్రస్తావించేవాడిని కాదు. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో మూడు రకాల ప్రయత్నాలు పరీక్షించారు. గ్రామసభలు పెట్టి విద్యా కమిటీ హక్కుల గురించి తల్లిదండ్రులకు చెబితే బడి బాగుపడుతుందని అందరూ ఆశించారు, పిల్లల చదువులో ఏ మార్పూ రాలేదు. తల్లిదండ్రులకు పిల్లలను పరీక్షించడం నేర్పి, ఎవరికి ఎంత వచ్చో గ్రామమంతా కలిసి చూసుకునేలా చేసినా ఫలితం లేదు. ఊరి యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో శిక్షణ ఇచ్చి బడి బయట తరగతులు పెట్టించినప్పుడు మాత్రం, వాటికి హాజరైన పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు, కాకపోతే హాజరైనవారు కొద్దిమందే. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే, వారు తరగతి పాఠం పూర్తిచేయాలన్న ఒత్తిడిలో ఈ పద్ధతిని పక్కనపెట్టేశారు. హరియాణాలో 2012-13లో రోజుకొక గంటను దీనికోసమే ప్రత్యేకంగా కేటాయించి, పర్యవేక్షణ పెట్టినప్పుడు ఫలితం కనిపించింది. మూల ఆలోచన ఒకటే, కానీ ఎవరు చెప్పాలి, ఏ సమయంలో చెప్పాలి, ఎక్కడ చెప్పాలి అన్నవి పనిలో దిగి సరిచూసుకుంటేనే తేలాయి. మీ టీచర్లు ఒక గంట విడిగా కావాలని అడుగుతున్నారంటే, ప్రథమ్ చాలా ఏళ్లు తిరిగి చేరుకున్న చోటికి వారు సొంత అనుభవంతోనే వచ్చారన్నమాట. మౌనంగా ఉండిపోయిన మీ టీచరుకు ఈ విషయం చెప్పండి.

కొలవడం గురించి. దీనికి పెద్ద సర్వే అక్కరలేదు. గ్రామీణ పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే పఠన పరీక్ష తెలుగులోనూ ఉంది. అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని వరుసగా ఉంటాయి, ఒక్కో బిడ్డతో కొన్ని నిమిషాలు కూర్చుంటే ఎక్కడ ఆగిపోతున్నాడో తెలిసిపోతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి చూడండి. వీలైతే ఒక కేంద్రంలో కొత్త పద్ధతి, అలాంటి పిల్లలే ఉన్న మరో కేంద్రంలో పాత పద్ధతి నడిపి రెంటినీ పోల్చండి, లేకపోతే పిల్లలు మామూలుగానే నేర్చుకునేది కూడా మీ ఖాతాలో పడిపోతుంది. పరీక్షించే మనిషి ఆ కేంద్రపు టీచరు కాకుండా మరో కేంద్రం టీచరు అయితే మంచిది.

ఏం కొలుస్తున్నామన్న విషయంలో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ సంస్థ అనుభవం నాకెప్పుడూ గుర్తుకొస్తుంది. 1979లో సుల్లా ప్రాంతంలో చిన్న స్థాయిలో పరీక్షించి, 1980 నుంచి పదేళ్లపాటు ఊరూరా ఇల్లిల్లూ తిరిగి, విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు తయారుచేసి పట్టించడం తల్లులకు నేర్పారు. నేర్పే మహిళలకు జీతం తిరిగిన ఇళ్ల లెక్కన ఇవ్వలేదు. తర్వాత మరొకరు వెళ్లి తల్లులను అడిగి, వారికి ఎంత గుర్తుందో చూసి దాన్ని బట్టి ఇచ్చారు. అంత జాగ్రత్త పడినా ఇంకో చిక్కు బయటపడింది. తల్లులకు పద్ధతి గుర్తుంది, కానీ ఇంట్లో వాడుతున్నవారు తక్కువ. ఎందుకని ఆరా తీస్తే, నేర్పేవారిలోనే చాలామందికి ఆ ద్రావణం మీద నమ్మకం లేదని తెలిసింది. అప్పుడు వారికే మళ్లీ శిక్షణ ఇచ్చారు, ఇంట్లోని మగవారికి కూడా చెప్పడం మొదలుపెట్టారు. హోంవర్కు పూర్తయిందా అని చూసే మీ రిజిస్టరు, తిరిగిన ఇళ్లను లెక్కపెట్టడం లాంటిదే. పైవారికి నివేదిక పంపడం కోసం కాకుండా తాము తెలుసుకోవడం కోసం అడిగితేనే ఇలాంటి సంగతులు బయటికొస్తాయి, ఆ అడగడం కింది కార్యకర్తల నుంచే మొదలవుతుంది.

మరొక్క మాట. మొదలుపెట్టే రోజునే ఎప్పుడు ఆపాలో రాసుకోండి. ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ ఉత్తర బంగ్లాదేశ్‌లో పనులు దొరకని కరువు నెలల్లో పేద కుటుంబాలకు చార్జీల డబ్బిచ్చి పట్నాలకు పనికి పంపే కార్యక్రమం నడిపింది. మొదటి పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చాయి. పెద్ద ఎత్తున చేసి 2017లో మళ్లీ కొలిస్తే ఆ ఫలితం కనిపించలేదు, 2019లో ఆ సంస్థ తన కార్యక్రమాన్ని తానే ఆపేసి, కారణాలను బహిరంగంగా ప్రకటించింది. మన దగ్గర ఇలా ఆపినవారు చాలా అరుదు. ఒకసారి మొదలైన పని మీద పది మంది ఉపాధి ఆధారపడుతుంది, ఫోటోలు గోడ మీదికి ఎక్కుతాయి, ఆ తర్వాత దాని ఫలితం గురించి ఎవరూ అడగరు.

సమాధానం: బ్రాడీపేట దాత

మా కుటుంబం తరఫున ఒక చిన్న ట్రస్టు ఉంది, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో విద్యకు కొంత సాయం చేస్తుంటాం. దాతల వైపు నుంచి రాస్తున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అన్నం పొట్లాలకూ మంచినీళ్లకూ దుప్పట్లకూ డబ్బు అడిగినవారికి ఎవరూ ప్రాజెక్టు నివేదిక అడగలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు పెట్టిన ఆ నమ్మకాన్ని మామూలు రోజుల్లో మేం ఎందుకు చూపలేకపోతున్నామని నేను ఆలోచించాను. నాకు తోచిన కారణం ఏమిటంటే, వరదలో ఏం జరుగుతోందో మా కళ్లకు కనిపిస్తుంది, మామూలు రోజుల్లో మాకు కనిపించేది సంవత్సరాంతంలో వచ్చే నివేదిక ఒక్కటే, అందులో అన్నీ విజయాలే ఉంటాయి. అన్నీ విజయాలే ఉన్న నివేదిక చదివి చదివి, ఏదైనా తప్పిందని వింటే మాకు అనుమానం వస్తుంది.

మీ కార్యవర్గం భయపడుతున్న దానికి మందు ఒక్కటే, ముందే చెప్పడం. ఈ డబ్బులో ఇంత భాగంతో, ఫలానా కేంద్రంలో, ఫలానా నెలవరకు ఇది చేసి చూస్తాం, ఇలా కొలుస్తాం, కుదరకపోతే ఆపి ఎందుకు కుదరలేదో మీకు రాస్తాం అని అర పేజీ రాసి తీసుకురండి. నాలాంటి స్థానిక దాతలు చాలామంది ఒప్పుకుంటారు. కెనడాలోని ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ 2008 నుంచి తన వైఫల్యాలపై ప్రత్యేకంగా నివేదికలు ప్రచురించింది, దాతలు దాన్ని వదిలి పారిపోలేదు.

కంపెనీల డబ్బు సంగతి వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హతలున్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చుచేయాలి, కొనసాగే ప్రాజెక్టుగా చూపనిది ఆ ఏడాదిలో మిగిలిపోతే చట్టం చెప్పిన నిధికి జమచేయాలి. అందుకే మార్చి దగ్గరపడేకొద్దీ వారికి తేలికగా ఖర్చయ్యేవి, ఫోటో తీయగలిగేవి కావాలి. అలాంటి డబ్బుతో బెంచీలు, పుస్తకాలు తెచ్చుకోండి, ప్రయోగం మాత్రం మా వంటివారి డబ్బుతో చేయండి.

సమాధానం: పటమట ఉపాధ్యాయిని

మొదటి ప్రతిపాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండోదానితో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను, ఎందుకో కొంచెం విపులంగా రాస్తాను.

ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను కాబట్టి వలస పిల్లలను దగ్గర నుంచి చూశాను. గుడారాల దగ్గర సాయంత్రం గంటసేపు పాఠం చెబితే మనసుకు హాయిగా ఉంటుంది, కానీ ఆ పిల్లలకు హక్కుగా రావలసినది గంట పాఠం కాదు. 2009 విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే బాధ్యతను స్థానిక అధికార వ్యవస్థ మీద పెట్టింది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైందని చేర్పును ఆపకూడదని కూడా అందులోనే ఉంది. బడిలో చేరితే మధ్యాహ్న భోజనం దొరుకుతుంది, పగలంతా ఎండలో పొలం గట్టు మీద తమ్ముణ్నో చెల్లెల్నో ఎత్తుకుని తిరిగే పని తప్పుతుంది. మీ కార్యకర్తలు గుడారం దగ్గరే పాఠం పెడితే, ఆ పిల్లల కోసం ఏదో జరుగుతోందని అధికారులూ బడివారూ ఊపిరి పీల్చుకుంటారు, పిల్లలు మాత్రం బడి బయటే ఉండిపోతారు.

ప్రయోగం వద్దని నేను అనడం లేదు, వేరే ప్రశ్న మీద ప్రయోగం చేయమంటున్నాను. పొలం నుంచి బడికి దూరం ఎక్కువ, దారి తెలియదు, కొందరి ఇంట్లో కన్నడం మాట్లాడతారు, పెద్దపిల్ల బడికి పోతే చంటిబిడ్డను చూసేవారు ఉండరు. వీటిలో అసలు అడ్డుపడుతున్నది ఏది? ఉదయం పిల్లలను వెంటబెట్టుకుని బడికి తీసుకెళ్లి సాయంత్రం తిరిగి తెచ్చే ఒక మనిషిని పెడితే సరిపోతుందా, లేక చంటిపిల్లలను చూసే ఏర్పాటు కూడా కావాలా? ఇది తేల్చగలిగితే మీ చిన్న సంస్థ కనుగొన్నది మండల విద్యాధికారికి కూడా పనికొస్తుంది. వలస కుటుంబాల పిల్లలు తమ సొంత ఊళ్లలోనే ఉండిపోయేందుకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడిపిన అనుభవం మన రాష్ట్రంలో ఉంది. అక్కడ చేరకుండా ఇక్కడికి వచ్చిన పిల్లలు ఎందుకు చేరలేదో వారి తల్లులను అడగడం దగ్గర మీరు మొదలుపెట్టవచ్చు.

ఇంకొక విషయం కూడా రాయాలి. ప్రయోగం విఫలమైతే సంస్థకు పోయేది కొంత డబ్బు, పిల్లవాడికి పోయేది ఒక విద్యాసంవత్సరం. కాబట్టి తల్లిదండ్రులకు ముందు చెప్పండి, ఇది కొత్తగా చూస్తున్న పద్ధతి అని, ఇష్టం లేకపోతే పాత పద్ధతిలోనే కూర్చోవచ్చని వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. నష్టం జరుగుతోందని మధ్యలో కనిపిస్తే గడువు వరకు ఆగకుండా ఆపేసే అధికారం కేంద్రంలో ఉన్న టీచరుకే ఉండాలి.

మన ప్రాంతంలో ఇలాంటి పనికి పూర్వరంగం లేకపోలేదు. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడిన కుటుంబాల మధ్య సంస్కరణ కృషి చేశారు. ఆ ముద్ర వేసిన సమాజానికీ ఆ కుటుంబాలకూ మధ్య అంతటి దూరం ఉన్నచోట, ముందుగా ఆ మనుషుల మాట వినకుండా చేయగలిగిన పని కాదది. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో కూడా తోటి రైతులకు నేర్పేది ఆ పద్ధతిని తన పొలంలో చేసి చూసిన రైతే. మీ వలస కుటుంబాల తల్లులను కూడా మీ ప్రయోగంలో సలహాదారులుగా కూర్చోబెట్టండి.

అరండల్‌పేట సమన్వయకర్త

అందరికీ ధన్యవాదాలు. ఉపాధ్యాయిని గారు రాసింది చదివాక మా టీచర్లతో మాట్లాడాను. గుడారాల దగ్గర పాఠం అన్న ఆలోచన వారు మానుకుంటామన్నారు, కోతలు మొదలయ్యేలోపు మండల విద్యాధికారిని కలిసి ఏ బడిలో ఎంతమందిని చేర్చుకోగలరో అడుగుతాం.

మొదటి ప్రతిపాదనను మాత్రం మళ్లీ కార్యవర్గం ముందు పెడుతున్నాను. జూన్‌లో బడులు తెరిచాక ఒకే కేంద్రంలో మొదలుపెట్టి దసరా సెలవుల వరకు నడపాలని, మొదట్లోనూ చివరా అసర్ పఠన పరీక్షతో మరో కేంద్రం టీచరు చూడాలని, పోల్చడానికి ఇంకో కేంద్రాన్ని పాత పద్ధతిలోనే ఉంచాలని తీర్మానంలో రాస్తున్నాం. కథ స్థాయికి చేరిన పిల్లల సంఖ్యలో రెండు కేంద్రాల మధ్య తేడా కనిపించకపోతే దసరా తర్వాత కొనసాగించబోమని కూడా అందులోనే ఉంటుంది. ఆ వాక్యం చదివాకే మా అధ్యక్షుల వారు కాగితాన్ని పక్కన పెట్టకుండా చేతిలో ఉంచుకుని ప్రశ్నలు అడిగారు. ఈ ప్రతిపాదనను ఈసారి సమావేశంలో నేను కాకుండా దాన్ని మొదట తెచ్చిన టీచరే వివరిస్తారు. దాత గారు చెప్పిన అర పేజీ లేఖను కూడా ఆమే రాస్తున్నారు.

ఆడిటర్ గారికి ఒక సందేహం: విడదీసే మొత్తం ఆ ఆర్థిక సంవత్సరంలో పూర్తిగా ఖర్చుకాకపోతే శీర్షికను అలాగే ఉంచవచ్చా?

గవర్నర్‌పేట ఆడిటర్

షరతులు లేని 15 శాతం నిల్వలోంచి తీసినదైతే ఉంచవచ్చు, దానికి గడువు లేదు. అయితే ఆ డబ్బు చట్టం అనుమతించిన బ్యాంకు డిపాజిట్ల వంటి పెట్టుబడుల్లోనే ఉండాలి. ఆ 15 శాతం పరిమితి దాటిన మొత్తాన్ని దాచాలంటే ప్రయోజనం పేర్కొంటూ ఆదాయపు పన్ను శాఖకు గడువులోపు ఫారం సమర్పించాలి, అప్పుడు ఐదేళ్ల వరకు వీలుంటుంది. తీర్మానం ప్రతిని సంవత్సరాంతపు ఆడిట్ వరకు ఆపకుండా ఇప్పుడే మీ ఆడిటర్‌కు పంపండి, శీర్షిక పేరు ఆయనా మీ కోశాధికారి గారూ కలిసి నిర్ణయిస్తే తర్వాత ప్రశ్నలు రావు.